పడమటి నుంచి – 19: గడ్డ ఉందని ఎవరికి చెప్పాలి?



పోయిన పోస్టులో హాస్టల్ పిల్లల రక్తహీనత గురించి రాశాను. అది చదివి కంభం వైపు పల్లె నుంచి ఒక డిగ్రీ అమ్మాయి ఇన్‌బాక్సులో అడిగింది: "మేడం, మా అమ్మకు రొమ్ములో గడ్డ తగులుతోందంట. ఎవరిని అడగాలో తెలీడం లేదు. ఫోన్‌లో చూస్తే భయమేస్తోంది." ఆ అమ్మాయికి ఆ రాత్రే జవాబు చెప్పాను. అదే జవాబును నలుగురికీ పనికొచ్చేలా ఇక్కడ విడమరిచి రాస్తున్నాను. పొడవైన పోస్టే. ఓపిగ్గా చదవండి. చదివాక మీ అమ్మకో, వదినకో, అక్షరం రాని పక్కింటి అక్కకో గట్టిగా చదివి వినిపించండి.

ఆమె ప్రశ్నలో నన్ను పట్టుకున్నది "ఎవరిని" అనే మాట. రొమ్ము క్యాన్సర్ గురించి సమాచారానికి ఇవాళ కరువు లేదు. ఫోన్ తెరిస్తే కుప్పలు. అందులో నిజమేదో ఏరి, మన మాటలో చెప్పి, మనతో పాటు బస్సెక్కే మనిషికే కరువు. పడమటి ప్రకాశంలో, అందులోనూ మన వాడల్లో, ఆ మనిషి దొరికేలోపు నెలలు గడిచిపోతాయి. గడ్డ మాత్రం ఆగదు.

నేను చదువుకున్నది తెలుగు సాహిత్యం కాబట్టి ముందు మాటల సంగతి చెప్తాను. మన ప్రబంధ కవులు స్తనాల మీద ఖర్చు పెట్టినన్ని ఉపమానాలు ఆకలి మీద పెట్టలేదు. బంగారు కలశాలు, ఏనుగు కుంభస్థలాలు, జక్కవ పిట్టలు, కొండలు. ఎం.ఏ. క్లాసులో మగ లెక్చరర్లు వాటికి అర్థాలు చెప్తుంటే ఆడపిల్లలం తలొంచుకుని రాసుకున్నాం. అంత సంపద ఉన్న భాషలో ఒక ఆడమనిషి డాక్టరు ముందు కూర్చుని "నా రొమ్ములో గడ్డ ఉంది" అనడానికి మాట వెతుక్కుంటుంది. మా వాడలో పెద్దవాళ్లు "చన్ను" అంటారు, అదీ బిడ్డకు పాలిచ్చే రోజుల్లోనే. పాలు ఆగిపోయాక ఆ భాగానికి పేరే ఉండదు. "ఈడ" అంటారు, "ఎదలో" అంటారు, "చంక కింద" అంటారు. ఎదలో ఏదో ఉందంటే డాక్టరు గుండె పరీక్ష రాస్తాడు. పైట గురించి తెలుగులో కవిత్వమూ వచ్చింది, రచ్చా జరిగింది. పైట కింద గడ్డ గురించి మాట్లాడుకునే అలవాటు ఇంకా రాలేదు.

క్యాన్సర్‌కు మన పాత మాట రాచపుండు. రాచ అంటే రాజుకు సంబంధించినది. పెద్ద రోగం అనే అర్థంతో పాటు పెద్దవాళ్ల రోగం అనే ధ్వని కూడా అందులో ఉంది. మా అమ్మమ్మ "అది కూలోళ్లకి ఎందుకొస్తదిలే" అనేది. లెక్కలు వేరే చెప్తున్నాయి. గ్లోబోకాన్ అంతర్జాతీయ అంచనాల ప్రకారం 2022లో మన దేశంలో సుమారు 1,92,000 మంది స్త్రీలకు కొత్తగా రొమ్ము క్యాన్సర్ బయటపడింది. అదే ఏడాది సుమారు 98,000 మంది ఆ రోగంతో చనిపోయారు. భారతీయ స్త్రీలకు అన్నిటికన్నా ఎక్కువగా వస్తున్న క్యాన్సర్ ఇదే. పాశ్చాత్య దేశాల స్త్రీలతో పోలిస్తే మనవాళ్లలో సగటున పదేళ్లు ముందే బయటపడుతోంది. అంటే ఇంటి బరువంతా మోస్తున్న వయసులో.

ఇక మా చిన్నమ్మ సంగతి. ఆమెను అడిగే రాస్తున్నాను. "నా పేరు మాత్రం రాయొద్దమ్మే, మిగతాదంతా రాయి" అంది.

2022 జనవరి. మిరపకాయ కోతలు జోరుగా ఉన్న రోజులు. నీళ్లు పోసుకుంటుంటే ఎడమ రొమ్ములో రేగ్గింజంత గట్టిగా తగిలింది. నొప్పి లేదు. నొప్పి లేకపోవడమే ఆమెకు ధైర్యం ఇచ్చింది. కూలి మనిషి ఒంటికి ఒక లెక్క ఉంటుంది: నొప్పి ఉంటే ఆలోచిద్దాం, లేకపోతే పనికి పోదాం. నడుం నొప్పి, మోకాళ్ల నొప్పి, మిరప ఘాటుకు కళ్ల మంట. ఇన్నిటి మధ్య నొప్పి లేని గడ్డ వరసలో చివరికి పోయి నిలబడింది. రొమ్ము క్యాన్సర్ గడ్డ మొదట్లో ఎక్కువమందికి నొప్పి పెట్టదు. మన బతుకు లెక్కను వెక్కిరించడానికే పుట్టినట్టుండే రోగం అది.

మార్చిలో ఆర్ఎంపీకి చూపించుకుంది. "పాల గడ్డ" అని ఐదు రోజులకు మాత్రలిచ్చాడు. ఆమెకప్పుడు 46 ఏళ్లు. చివరి బిడ్డ పాలు మానేసి ఇరవై ఏళ్లు దాటింది. మేలో ఎవరో చెప్తే వేరే ఊరికి పోయి పసరు కట్టు కట్టించుకుంది. చర్మం కాలి పొక్కింది, గడ్డ అట్లనే ఉంది. జూలైలో వెయ్యి రూపాయలు అప్పు తెచ్చుకుని ఒక ప్రైవేటు ఆసుపత్రికి పోయింది. డాక్టరు బల్లకు అవతలి నుంచే విన్నాడు. ముట్లు ఆగిపోయే వయసులో ఇలాంటివి మామూలే అన్నాడు. బలం మాత్రలు రాశాడు. చేయి వేసి చూడలేదు, నర్సును పిలిచి చూడమనీ చెప్పలేదు.

అది కులమా, తొందరా, మగ డాక్టరు మొహమాటమా, నేను తేల్చలేను. కానీ చేయి వేయకుండా రొమ్ములో గడ్డను పరీక్షించడం కుదరదని మాత్రం చెప్పగలను. తాకకపోవడం ఏ కారణంతో మొదలైనా దాని ఫలితం రోగి ఒంటి మీదే పడుతుంది.

ఆగస్టుకు గడ్డ నిమ్మకాయంత అయింది. బీపీ చూడ్డానికి వచ్చిన ఏఎన్ఎంతో చిన్నమ్మ మాట వరసకు చెప్పింది. ఆమె బీపీ మిషను పక్కన పెట్టి తలుపేసింది. రవిక విప్పించి రెండు వైపులా చేత్తో చూసింది, చంకలో చూసింది. ఐదు నిమిషాలు పట్టిందేమో. "అక్కా, ఇది పెద్దాసుపత్రిలో చూపించుకోవాల్సిందే. కోతలయ్యాక, పండగయ్యాక అనొద్దు. ఈ వారమే పో" అంది. ఇంట్లో చదువుకున్నవాళ్లు ఎవరని అడిగి నాకు ఫోన్ చేసింది. ఏడు నెలలుగా ఎవరూ చేయని పని, ముగ్గురికి డబ్బు కట్టినా జరగని పని, జీతం తప్ప ఏమీ తీసుకోని ఆ మనిషి చేసింది.

గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. అక్కడ నాట్కో ట్రస్టు సాయంతో కట్టిన క్యాన్సర్ కేంద్రం ఉంది. మామోగ్రామ్, సూది బయాప్సీ అయ్యాయి. చంకలోని గ్రంథులకు పాకిందని తేలింది. ముందు కీమో, తర్వాత ఆపరేషన్, తర్వాత రేడియేషన్, ఆ తర్వాత రోజూ ఒక మాత్ర. ఇప్పుడామె కంది చేలో కలుపు తీస్తోంది. ఎడమ చేత్తో బరువు మాత్రం మోయదు. చంకలో గ్రంథులు తీసినవాళ్లకు చేయి వాచే ప్రమాదం ఉంటుంది.

బయాప్సీ ఫలితం కోసం ఎదురు చూసిన రోజుల్లో మా ఇంటికి వచ్చినంత సమాచారం నా పీహెచ్‌డీ అంతటిలో రాలేదు. సూది గుచ్చితే ఒళ్లంతా పాకుతుందని ఒకరు. కీమో అంటే డబ్బు కోసం ఎక్కించే విషమని ఒకరు. లక్ష్మణ ఫలం ఆకుల కషాయం కీమో కన్నా పదివేల రెట్లు బలమైనదని ఒక వీడియో. ఈ ఫ్లోరైడ్ నీళ్ల వల్లే వచ్చిందని మా మామ. పిల్లలకు పాలిచ్చినవాళ్లకు అసలు రాదని ఇంకొకావిడ. అందరూ మంచి మనసుతో చెప్పినవాళ్లే.

నేను వాటిని ఏరడానికి నాలుగు ప్రశ్నలు పెట్టుకున్నాను. ఒకటి, చెప్పేవాడు దాంతోపాటు ఏదైనా అమ్ముతున్నాడా? రెండు, అన్ని క్యాన్సర్లకూ ఒకటే మందు అంటున్నాడా? రొమ్ము క్యాన్సర్‌లోనే రకాలున్నాయి. హార్మోన్లతో పెరిగేది ఒకటి, హెర్2 అనే ప్రోటీన్ ఎక్కువై పెరిగేది ఒకటి, ఈ రెండూ లేనిది మరొకటి. రకాన్ని బట్టి మందు మారుతుంది. మూడు, ఆ మందును మనుషుల మీద పరీక్షించారా, లేక గాజు గిన్నెలో కణాల మీదేనా? లక్ష్మణ ఫలం కథంతా గిన్నెలో కణాల దగ్గరే ఆగిపోయింది. మనుషుల్లో క్యాన్సర్ తగ్గించినట్టు రుజువు లేదు. పైగా ఆ చెట్టు కాయలూ ఆకులూ విరివిగా వాడే గ్వాడెలూప్ దీవిలో పార్కిన్సన్ వంటి నరాల జబ్బుకూ దానికీ సంబంధం కనిపించిందని పరిశోధకులు రాశారు. నాలుగు, ఆసుపత్రికి పోవద్దని చెప్తున్నాడా? నాలుగో ప్రశ్నకు అవునని వస్తే మిగతా మూడూ అడగక్కర్లేదు.

ఆ ఏరుడులో మిగిలినవి ఇవి. దయచేసి ఈ భాగాన్ని విడిగా దాచుకోండి.

రొమ్ములోగాని చంకలోగాని కొత్తగా గడ్డ తగలడం, చర్మం గుంటపడటం, నారింజ తొక్కలా గరుకుగా మారడం, చనుమొన కొత్తగా లోపలికి పోవడం, చనుమొన నుంచి రక్తం రావడం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా నొప్పి కోసం ఎదురు చూడకుండా చూపించుకోవాలి. గడ్డలన్నీ క్యాన్సర్ కావు. చాలావరకు మామూలువే. ఏది ఏదో తేల్చడానికి మూడు పనులు జరగాలి: డాక్టరు చేత్తో చూడటం, మామోగ్రామ్ లేదా అల్ట్రాసౌండ్ తీయడం, అనుమానం ఉంటే సూదితో ముక్క తీసి పరీక్షించడం. సరిగ్గా చేసిన సూది బయాప్సీ వల్ల క్యాన్సర్ పాకదు. అది లేకుండా ఎవరైనా కత్తి పట్టుకుంటే ఎందుకని అడగండి.

వయసు పెరగడం, ముట్లు త్వరగా మొదలై ఆలస్యంగా ఆగడం, మొదటి కాన్పు ఆలస్యం కావడం, ముట్లు ఆగాక ఒళ్లు బాగా పెరగడం, మద్యం, రక్త సంబంధీకుల్లో ఈ రోగం ఉండటం, ఇవి ముప్పును పెంచుతాయి. బిడ్డకు పాలివ్వడం ముప్పును కొంత తగ్గిస్తుంది గాని రాకుండా కాపలా కాయదు. మన ప్రాంతపు ఫ్లోరైడ్ నీళ్లు పళ్లను, ఎముకలను పాడుచేస్తాయి. దాని మీద కొట్లాడాల్సిందే. కానీ రొమ్ము క్యాన్సర్‌ను దాని ఖాతాలో వేస్తే, నీళ్ల డబ్బా కొనుక్కునేవాళ్లం మాకు భయం లేదనుకుంటారు. ఎవరి పాపం వల్లా, శాపం వల్లా ఇది రాదు. ముట్టుకుంటే అంటదు.

కీమో నడుస్తుండగా జ్వరం 100.4 డిగ్రీలు దాటితే ఇంట్లో మాత్ర వేసుకుని పడుకోకూడదు. రక్తంలో తెల్ల కణాలు పడిపోయి ఉంటాయి. అర్ధరాత్రయినా ఆసుపత్రికి పోవాలి. ఊడిన జుట్టు మళ్లీ వస్తుంది. హార్మోన్ రకం ఉన్నవాళ్లకు ఇచ్చే టామోక్సిఫెన్ ఖరీదైన మాత్ర కాదు. ఐదేళ్లు, కొందరికి ఇంకా ఎక్కువ కాలం, రోజూ వేసుకోవాలి. బాగుంది కదా అని మధ్యలో మానేయడమే ప్రమాదం. జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీల లెక్కల్లో రొమ్ము దాటకముందే పట్టుకున్నవాళ్లలో నూటికి 80 మంది ఐదేళ్లు దాటి బతుకుతున్నారు. వేరే అవయవాలకు పాకాక వచ్చినవాళ్లలో నూటికి 20 మంది కూడా లేరు. ఈ రెండు అంకెల మధ్య దూరమే మా చిన్నమ్మ పోగొట్టుకున్న ఏడు నెలల ఖరీదు.

"మనవాళ్లకు అవగాహన లేదు" అని ఈ మాట దగ్గర చాలామంది ముగించేస్తారు. నాకు ఆ మాటతో పేచీ ఉంది. మనవాళ్లకు ఆసుపత్రుల మీద ఉన్న అనుమానం ఊరకే రాలేదు. 2011లో మన పక్కనే పిడుగురాళ్ల పేద స్త్రీలను కొన్ని వేల రూపాయలు ఆశ చూపి హైదరాబాద్ తీసుకుపోయి మందుల పరీక్షలకు వాడుకున్నారని బయటపడింది. అందులో క్యాన్సర్ మందు ఉందని పత్రికలు రాశాయి. ఒంట్లోకి ఏం పోతోందో వాళ్లకు తెలిసేలా ఎవరూ చెప్పలేదు. అంతకు రెండేళ్ల ముందు, 2009లో, ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా ప్రాజెక్టు పేరుతో హాస్టళ్లలోని ఆదివాసీ బాలికలకు టీకాలు వేశారు. చాలా ఫారాల మీద తల్లిదండ్రుల బదులు వార్డెన్ల సంతకాలున్నాయి. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. ఆ టీకా మంచిదే, పిల్లలకు వేయించాల్సిందే. అడగకుండా వేయడం మీదే తగాదా. పేదల ఒళ్లు అడగకుండా వాడుకోవచ్చనుకునేవాళ్లు ఉన్నంతకాలం పేదలు మంచి మందును కూడా అనుమానిస్తారు. 2018లో యూఎన్ విమెన్ నివేదిక ఒక లెక్క ఇచ్చింది: మన దేశంలో దళిత స్త్రీలు చనిపోయే సగటు వయసు 39.5 ఏళ్లు, పై కులాల స్త్రీలది 54.1. తేడా 14.6 ఏళ్లు. అనుమానం పోవాలంటే పోస్టరు చాలదు. మన ఎదురుగా కూర్చుని, అడిగిన ప్రతిదానికీ జవాబు చెప్పే మనిషి కావాలి.

అలాంటి మనిషి చేతికి ఎంత బలముందో ముంబైలో చేసిన ఒక పరిశోధన చూపించింది. 1998లో మొదలుపెట్టి టాటా మెమోరియల్ వాళ్లు ముంబై బస్తీల్లో 35 నుంచి 64 ఏళ్ల మధ్య ఉన్న లక్షన్నర మంది స్త్రీలను 20 ఏళ్ల పాటు గమనించారు. సగం మందికి రెండేళ్లకోసారి శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు చేత్తో రొమ్ము పరీక్ష చేశారు. ఆ చేసినవాళ్లు డాక్టర్లు కారు, మామూలు చదువు చదివిన ఆడవాళ్లు. 2021లో బీఎంజేలో ఫలితాలు వచ్చాయి. పరీక్ష చేయించుకున్నవాళ్లలో రోగం ముందు దశల్లోనే దొరికింది. మొత్తం వయసుల మీద మరణాల తేడా గట్టిగా రుజువు కాలేదు గాని, 50 దాటినవాళ్లలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. అదే పరిశోధనలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ భాగం మీద, పోలిక కోసం సగం మంది పేద స్త్రీలను పరీక్ష లేకుండా వదిలేశారని అంతర్జాతీయంగా విమర్శ వచ్చింది. ఆ విమర్శ న్యాయమైనదే. ఆ బస్తీ స్త్రీల ఒళ్లు నేర్పిన పాఠం ఇప్పుడు మన పల్లె స్త్రీలకైనా అందాలి కదా.

అందుతోందా? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 30 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో ఎప్పుడైనా రొమ్ము పరీక్ష చేయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి ఒకరు కూడా తేలలేదు. 30 దాటిన వాళ్లందరికీ నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార పరీక్షలు చేయాలని జాతీయ కార్యక్రమం ఉంది. 2024 నవంబరు నుంచి మన రాష్ట్రంలో ఇంటింటి సర్వే కూడా మొదలైంది. సర్వే వాళ్లు మీ వాడకు వస్తే "అంతా బాగానే ఉందా? టిక్కు" దగ్గర ఆగనివ్వకండి. ఏఎన్ఎంను తలుపేసి చూడమని అడగండి. అది మన హక్కు.

దూరం సంగతి కూడా చెప్పుకోవాలి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లా నుంచి విడిపోయి ఇందులో కలిశాయి. జిల్లా కేంద్రం మారింది గాని మనకు దూరం మారలేదు. 1996లో శంకుస్థాపన చేసిన వెలిగొండ నీళ్ల కోసం ఒక తరం ఎదురు చూసింది. మార్కాపురానికి ప్రభుత్వ వైద్య కళాశాల మంజూరైంది. 2025లో దాన్ని పీపీపీ పద్ధతిలో అప్పగించాలని ప్రభుత్వం నిర్ణయించింది. ఆ పోరాటం మీద వేరే పోస్టు రాస్తాను. అప్పటిదాకా మనకు దిక్కు గుంటూరు పెద్దాసుపత్రి, గిద్దలూరు వైపు వాళ్లకు నంద్యాల మీదుగా కర్నూలు, లేకపోతే తిరుపతి, హైదరాబాద్‌లో 1955 నుంచి ఉన్న ఎం.ఎన్.జె. ఆసుపత్రి, బసవతారకం, విశాఖ అగనంపూడిలో టాటా వాళ్ల హోమీ భాభా ఆసుపత్రి.

పోయేముందు బియ్యం కార్డు, ఆధార్ జిరాక్సులు నాలుగేసి దగ్గర పెట్టుకోండి. ఆరోగ్యశ్రీ, ఇప్పటి పేరు ఎన్టీఆర్ వైద్య సేవ, క్యాన్సర్ చికిత్సకు వర్తిస్తుంది. ఆసుపత్రిలో అడుగుపెట్టగానే వైద్యమిత్ర బల్ల ఎక్కడుందో అడగండి. ఏ పరీక్ష పథకంలో వస్తుందో, ఏది రాదో, ఏ మందు బయట కొనాలో ముందే తేల్చుకోండి. తిక్కగా మాట్లాడితే అక్కడే నిలబడి 104కు ఫోన్ చేయండి. మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరు స్టేషన్లు గుంటూరు–నంద్యాల లైనులో ఉన్నాయి. చికిత్సకు పోయే క్యాన్సర్ రోగికి రైల్లో స్లీపర్, థర్డ్ ఏసీ టిక్కెట్టు పూర్తిగా రాయితీ, తోడు వచ్చేవాళ్లకు ముప్పావు వంతు రాయితీ. ఆసుపత్రి వాళ్లు సంతకం చేసిన ఫారం చూపించాలి. ఈ సంగతి మాకు ఆసుపత్రిలో ఎవరూ చెప్పలేదు. రెండో కీమోకు పోయినప్పుడు పక్క మంచం మీద ఉన్న వినుకొండ ఆవిడ చెప్పింది.

అసలు ఆ వార్డే మా చిన్నమ్మకు బడి అయింది. కీమో 21 రోజులకోసారి. ప్రతిసారీ అవే ముఖాలు. నోరు పూసినప్పుడు ఏం తినాలి, గుండు మీద చెమట పడితే ఏ గుడ్డ కట్టుకోవాలి, మొగుడు పక్కకు రాకపోతే ఏమనుకోవాలి, అన్నీ అక్కడే మాట్లాడుకున్నారు. రేడియేషన్ దగ్గర మాత్రం చాలామంది రాలిపోతారు. వారానికి ఐదు రోజులు, మూడు నుంచి ఐదు వారాలు వరసగా పోవాలి. ఉండటానికి చోటుండదు, ఇంటి దగ్గర కూలి పోతుంది. గుంటూరులో చదువుకునే మన పిల్లలు ఒక్క గది చూపించగలిగితే ఒక ప్రాణం నిలబెట్టినట్టే.

ఆసరా గురించి ఆలోచిస్తే నాకు ఆడ్రి లార్డ్ గుర్తొస్తుంది. నల్లజాతి అమెరికన్ కవయిత్రి. 1978లో ఆమెకు రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయింది. 1980లో ఆ అనుభవాన్ని క్యాన్సర్ డైరీలుగా అచ్చు వేసింది. ఆపరేషన్ తర్వాత ఆసరా సంఘం నుంచి ఒకావిడ వచ్చి, తీసేసిన రొమ్ము చోట పెట్టుకోమని ఉన్నితో చేసిన మెత్త ఇచ్చింది. అది లేత గులాబీ రంగులో ఉంది. ఇచ్చినావిడ మంచిదే, మెత్త కూడా మెత్తగానే ఉంది. నల్ల ఒంటి మీద ఆ రంగు ఎవరికోసం? అక్టోబరులో గులాబీ రిబ్బన్లు చూసినప్పుడల్లా నాకు ఆ మెత్త గుర్తొస్తుంది. ఆ ప్రచారాల్లో పనికొచ్చేవి ఉన్నాయి. హైదరాబాద్‌లోని ఉషాలక్ష్మి ఫౌండేషన్ తెలుగుతో సహా మన భాషల్లో రొమ్ము ఆరోగ్యం మీద యాప్ తెచ్చింది, వాడుకోండి. కానీ మన ఒంటి రంగుకు, మన కూలి వేళలకు, మన మాటకు సరిపోయే ఆసరాను మనమే కుట్టుకోవాలి.

అది మనకు చేతకాని పనేమీ కాదు. తెలుగులో ఆ తోవ ముందే ఉంది. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ "వైద్యుడు లేని చోట" పల్లె పల్లెకూ చేర్చింది. స్త్రీశక్తి సంఘటన ఆడవాళ్లు కూర్చుని మాట్లాడుకున్న మాటల్లోంచి "సవాలక్ష సందేహాలు" పుస్తకం తెచ్చింది. మన పక్క జిల్లా నెల్లూరులో అక్షరదీపం రాత్రి బడుల్లో సీతమ్మ కథ చదివిన ఆడవాళ్లు ఏం చేశారో మీకు తెలుసు. దూబగుంటలో సారా దుకాణం మూయించారు. అది ఊరూరా పాకి 1993లో రాష్ట్రంలో సారా నిషేధం దాకా పోయింది. ఆ పాఠం అచ్చులో ఉన్నది కొన్ని పేజీలే. దాన్ని గట్టిగా చదివి, కలిసి విని, "ఇది మన కథే" అనుకున్నారు కాబట్టి దానికి కాళ్లొచ్చాయి.

మార్కాపురం ఒకప్పుడు దేశానికి పలకలిచ్చిన ఊరు. ఎక్కడెక్కడి పిల్లలో మన రాతి మీద అక్షరాలు దిద్దుకున్నారు. ఆ రాయి తవ్వి, కోసి, మోసిన ఆడవాళ్లలో చాలామందికి అక్షరం అందలేదు. వాళ్ల కోసం నేనూ మా కాలేజీ ఆడపిల్లలు ఆరుగురమూ ఒక పేజీ రాశాం. పైన ఏరి పెట్టిన సంగతులే, మన వైపు మాటల్లో. "చన్నులో గడ్డ తగిలితే నొప్పి కోసం కాచుకోవద్దు" అని మొదలవుతుంది. గుంటూరు ఆసుపత్రిలో తెలిసిన ఒక డాక్టరమ్మకు చూపించి తప్పులు దిద్దించుకున్నాం. వచ్చే ఆదివారం నుంచి పొదుపు సంఘాల మీటింగుల్లో, చర్చి ఆడవాళ్ల కూటాల్లో చదువుతాం. మొదటి మీటింగులో మా చిన్నమ్మ మాట్లాడుతుంది. మగవాళ్లను కాసేపు బయట కూర్చోమంటాం. అవసరమైతే తలుపేస్తాం.

ఎర్రగొండపాలెం, గిద్దలూరు, కంభం, కనిగిరి వైపు మిత్రులు ఆ పేజీ కావాలంటే ఇన్‌బాక్సులో అడగండి. తీసుకున్నవాళ్లు ఒక పని ఒప్పుకోవాలి. ఎవరైనా అక్క "నాకూ ఉంది" అంటే, ఆమెతో పాటు మొదటిసారి బస్సెక్కాలి.

జై భీమ్. జై సావిత్రిబాయి.